ముందు విండోసా, ముందు గ్రాఫిక్స్ కార్డా?

నమస్కారమండి. మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో ఒకసారి చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు పడితే సలహా కూడా అక్కడే దారి తప్పుతుంది. మీది 2017లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, ఒకే స్టిక్కుగా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, విండోస్ 10. పగలంతా మీరు దాని మీద పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేస్తారు. సాయంత్రమయ్యేసరికి అది బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అబ్బాయి చేతికి వెళుతుంది. అతను ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, అది కదలకపోయేసరికి విసుగుపుట్టి వాలరెంట్ అనే ఆటలోకి పోతాడు. మీ చేతిలో 20,000 రూపాయలున్నాయి. షాపు ఆయన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు వేయించుకోమంటున్నారు, విండోస్ 11 కూడా "ఎలాగోలా ఎక్కించేస్తాను" అంటున్నారు. మీ బావమరిది గారేమో విండోస్ 10కి కాలం చెల్లింది కాబట్టి ముందు దాన్నే మార్చాలంటున్నారు. ఈ రెండింటిలో ఏది ముందు అన్నది మీ ప్రశ్న.

నేనైతే ఇప్పటికి రెండూ చేయను. ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, హార్డ్ డిస్కు కంటే చాలా వేగమైన డిస్కు), ఇంకో 8 జీబీ ర్యామ్ వేసి, విండోస్ 10ని సెక్యూరిటీ అప్‌డేట్లతోనే 2026 అక్టోబరు దాకా నడుపుకుని, ఆ గడువులోపు బోర్డు, ప్రాసెసర్ మార్చి విండోస్ 11కు వెళతాను. గ్రాఫిక్స్ కార్డు విషయం ఆ తర్వాత చూస్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ సిస్టమ్‌లు విప్పి బిగిస్తున్న అనుభవంతో ఈ వరస చెబుతున్నాను. మీకు నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో తేల్చుకోవడానికి వీలుగా కారణాలన్నీ కింద రాస్తున్నాను.

మొదట విండోస్ సంగతి చూద్దాం. మీ బావమరిది గారు చెప్పినదాంట్లో నిజముంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయితే ముగిసిన మర్నాడు సిస్టమ్ ఆగిపోదు, మీ ఫైళ్లకు ఏమీ కాదు, పేజ్‌మేకర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. ఆగేది కొత్తగా బయటపడే లోపాలకు మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా వేసే అతుకు. విండోస్ 7 విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఈ క్షీణత ఎలా సాగుతుందో అర్థమవుతుంది: దాని మద్దతు 2020 జనవరి 14న పోయింది, క్రోమ్ బ్రౌజర్ 2023 ఆరంభంలో దాన్ని వదిలేసింది, స్టీమ్ 2024 జనవరి 1న వదిలేసింది. అంటే మొదట రక్షణ పోతుంది, కొన్నేళ్లకు బ్రౌజర్ పోతుంది, ఆ తర్వాత ఆటలు పోతాయి. వీటిలో కంటికి కనిపించేవి చివరి రెండే కావడంతో చాలామంది మొదటిదాన్ని పట్టించుకోరు.

మీ విషయంలో పట్టించుకోవలసింది ఆ మొదటిదే. శుభలేఖ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, మ్యాటర్ వాట్సాప్‌లో పంపుతారు, ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు ఏ జిరాక్స్ సెంటర్‌లో, ఎన్ని సిస్టమ్‌లలో పెట్టి తీశారో ఎవరికీ తెలియదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్‌ను చూడని డీటీపీ సెంటర్ మన దగ్గర ఉండదనుకుంటాను. యాంటీవైరస్ ఉంది కదా అంటారేమో. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు వివరాలు విండోస్ 10లో కూడా 2028 అక్టోబరు వరకు అందుతాయి, కానీ అది తలుపు దగ్గర నిలబడ్డ కాపలాదారు వంటిది, గోడకు పడ్డ కన్నాన్ని అది పూడ్చదు. ఆ కన్నం పూడ్చే పని నెలవారీ అప్‌డేట్‌లది.

అదృష్టవశాత్తూ ఆ అప్‌డేట్‌లు ఇంకా దొరుకుతున్నాయి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పథకంలో ఇంటి సిస్టమ్‌లను కూడా చేర్చుకుని 2026 అక్టోబరు 13 వరకు ఇస్తున్నారు. చేరడానికి మూడు దారులున్నాయి: విండోస్ బ్యాకప్‌తో మీ సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ అకౌంటుకు సింక్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు, లేదా 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఖర్చు పెట్టవచ్చు, లేదా 30 డాలర్లు, అంటే దానికి సమానమైన రూపాయలు, ఒకేసారి చెల్లించవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమని అడిగే లింకు అక్కడే కనిపిస్తుంది. అది కనిపించకపోతే మీ విండోస్ 22హెచ్2 వెర్షన్‌కు రాలేదేమో చూడండి, విండోస్ 10లో అదే ఆఖరి వెర్షన్, ఈ పథకానికి అదే ఉండాలి. అలాగే యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్ అని ఉందో లేదో కూడా చూసుకోండి. అప్పట్లో అసెంబుల్డ్ సిస్టమ్‌లలో షాపులవాళ్లు యాక్టివేటర్‌తో నడిపించిన కాపీలు వేసి ఇవ్వడం మామూలుగా జరిగేది; మీది అటువంటిదైతే ఎంత అప్‌గ్రేడ్ చేసినా పునాది అలాగే ఉంటుంది కాబట్టి ముందు లైసెన్స్ కొనండి.

ఇక షాపు ఆయన "ఎలాగోలా" అన్న మాట. అందులోని కిటుకు ఇది. విండోస్ 11కు టీపీఎం 2.0 (రహస్య తాళాలను దాచే భద్రతా సదుపాయం), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సదుపాయం), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. వీటితో పాటు ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో మీ ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ జాబితా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. మీది ఏడో తరం. తమాషా ఏమిటంటే మీ బోర్డులో బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌లలోకి వెళ్లి పీటీటీ అనే అంశాన్ని ఆన్ చేస్తే టీపీఎం 2.0 దొరుకుతుంది, సెక్యూర్ బూట్ కూడా ఉంటుంది. ప్రాసెసర్ పేరు దగ్గర మాత్రమే పరీక్ష తప్పుతారు. ఆ పరీక్షను తప్పించి ఎక్కించే ఉపాయాలు చాలా ఉన్నాయి, ఎక్కించాక సిస్టమ్ బాగానే నడుస్తుంది కూడా. కానీ అటువంటి సిస్టమ్‌కు అప్‌డేట్‌లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతుంది. వాస్తవంలో నెలవారీ అప్‌డేట్‌లు వస్తూనే ఉంటాయి, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతటది రాదు; ప్రతిసారీ మళ్లీ అదే దొడ్డిదారిన చేత్తో ఎక్కించుకోవాలి. ఆటలకు మాత్రమే వాడే సిస్టమ్ అయితే నేనే చేసుకోమనేవాడిని. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు పది ఆర్డర్లు చేసే సిస్టమ్ మీద ఆ ప్రయోగం చేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇక్కడే ఇంకో పొరపాటు నుంచి కూడా మిమ్మల్ని కాపాడాలి. ఎనిమిదో తరం ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి ఇదే బోర్డులో పెడితే సరిపోతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. సాకెట్ చూడటానికి ఒకటే, రెండింటి పేరూ ఎల్‌జీఏ 1151. పెట్టి గొళ్లెం వేస్తే కూర్చుంటుంది కూడా. కానీ ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి, మీ బీ250 మీద అది నడవదు.

బయోస్ మాట వచ్చింది కాబట్టి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మా పెద్దన్నయ్య ఇంట్లో ఎనిమిదో తరం సిస్టమ్ ఉండేది, విండోస్ 11కు అన్ని అర్హతలూ ఉన్నాయి. సెక్యూర్ బూట్ ఆన్ చేయడం ఎంతసేపనుకుని బయోస్‌లో సీఎస్‌ఎం అనే పాత పద్ధతిని ఆపేసి సేవ్ చేశాను. రీస్టార్ట్ అయ్యాక నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదని తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం. వదినగారు వెనక నిలబడి "అందులో పాప ఫొటోలున్నాయి బాబూ" అన్నారు. డిస్కుకు ఏమీ కాలేదు. మొదట విండోస్ ఎక్కించినవాళ్లు దాన్ని పాత ఎంబీఆర్ పద్ధతిలో ఫార్మాట్ చేశారు, కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ కావాలంటే అది జీపీటీ అయి ఉండాలి. సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేయగానే విండోస్ వచ్చేసింది. ఆ తర్వాత బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టుతో డిస్కును మార్చి, అప్పుడు సీఎస్‌ఎం ఆపాను. పని పది నిమిషాలదే, వరస తప్పినందుకు నాకు పట్టిన చెమట వేరు. 2017 నాటి మీ సిస్టమ్‌ను కూడా షాపువాళ్లు ఇదే పాత పద్ధతిలో ఎక్కించి ఉండే అవకాశం ఎక్కువ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ అనే చోట చూస్తే ఎంబీఆరో జీపీటీయో తెలుస్తుంది.

ఇది మీ అబ్బాయికి కూడా అవసరమైన సంగతే. వాలరెంట్‌కు కాపలాగా ఉండే వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉంటేనే ఆటను తెరవనిస్తుంది. కాబట్టి "ఎలాగోలా" ఎక్కించిన విండోస్ 11లో ఆ రెండింటినీ ఆపేసి ఉంచితే, కొత్త విండోస్ వచ్చిన సాయంత్రమే అతని ఆట ఆగిపోతుంది.

మీ వృత్తికి సంబంధించిన ముఖ్యమైన విషయం అను ఫాంట్లది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాని అభివృద్ధిని 2004లోనే ఆపేసింది. ఇరవై ఏళ్లు దాటినా తెలుగు ముద్రణ పని ఇంకా దాని మీద నడుస్తోందంటే కారణం అను స్క్రిప్ట్ మేనేజరూ, ఆ కీబోర్డుకు అలవాటు పడిన వేళ్లూ, ఏళ్ల తరబడి పేరుకున్న పాత ఫైళ్లూ. ఆ ఫైళ్లలోని తెలుగు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్ అది. అను లేని సిస్టమ్‌లో అదే ఫైలు తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండవలసిన చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి, వధూవరుల పేర్లతో సహా. అందుచేత విండోస్ మార్చే రోజు ఎప్పుడొచ్చినా ముందుగా చేయవలసింది, మీ దగ్గర ఇప్పుడున్న అను వెర్షన్, దాని ఇన్‌స్టాలేషన్ ఫైలు, రిజిస్ట్రేషన్ వివరాలు, మీ ప్రింటర్ డ్రైవర్ కొత్త విండోస్ మీద పనిచేస్తాయో లేదో పాతదాన్ని చెరపకుండా పరీక్షించుకోవడం. మళ్లీ మళ్లీ అడిగే డిజైన్లను ఇప్పటి నుంచే పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే పొదిగి ఉంటుంది కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. విండోస్ ప్రశ్నకు క్యాలెండర్ సమాధానం చెబుతుంది, కార్డు ప్రశ్నకు కొలత సమాధానం చెబుతుంది. చాలామంది ఈ రెండో దాన్ని కూడా "పాతబడింది, మార్చాలి" అన్న లెక్కలోనే చూస్తారు. షాపులో ఎవరూ కొలవమని చెప్పరు. కొలవడానికి ఏమీ కొననక్కర్లేదు. మీ అబ్బాయిని వాలరెంట్ తెరిచి పది నిమిషాలు ఆడమనండి. ఆ మధ్యలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) దగ్గర 95, 98 శాతం కనిపిస్తూ, సీపీయూ (ప్రాసెసర్) 60, 70 దగ్గర ఉంటే కార్డే ఆపుతోందని అర్థం. సీపీయూ 100 దగ్గర అతుక్కుపోయి జీపీయూ 50, 60 శాతంలో తచ్చాడుతుంటే ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గర, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అది కూడా అలాగే ఖాళీగా కూర్చుంటుంది. ఇంకో పరీక్ష: ఆటలో రిజొల్యూషన్ తగ్గించండి. ఫ్రేములు, అంటే సెకనుకు తయారయ్యే బొమ్మలు, పెరిగితే కార్డుది బరువు, పెరగకపోతే ప్రాసెసర్‌ది.

మీ ఐ5-7400కు నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. వాలరెంట్ వంటి ఆటలు కార్డు కంటే ప్రాసెసర్‌ను ఎక్కువగా అడుగుతాయి. మా మేనల్లుడు సరిగ్గా ఇటువంటి ప్రాసెసర్ మీద, నేను వద్దంటున్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి పెద్ద కార్డు తెచ్చి పెట్టించుకున్నాడు. రంగులు, నీడలు, నీళ్ల మీద మెరుపు అన్నీ హై మీద పెట్టగలిగాడు, ఆ సంతోషం నిజమే. కానీ అతను కోరుకున్న ఫ్రేములు మాత్రం ముందున్నచోటే ఉన్నాయి, నలుగురు ఎదురుపడినప్పుడు వచ్చే కుదుపు కూడా అలాగే ఉంది. జీటీఏ 5లో ఊరి నడిబొడ్డున కారు తోలేటప్పుడు ఇదే కథ. పైగా మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే సెకనుకు 60 ఫ్రేములకు మించి వచ్చినా తెర వాటిని చూపించలేదు.

ఆర్‌టీఎక్స్ 3060కి ఇంకో అడ్డంకి కూడా ఉంది, అదేమిటో షాపు ఆయన చెప్పినట్లు లేదు. మీ 1050 టీఐ కార్డు 75 వాట్లకు లోబడి నడిచేది, ఆ కరెంటంతా దానికి సాధారణంగా స్లాటు నుంచే అందుతుంది. 3060 కార్డుకు 170 వాట్లు కావాలి, ఎనిమిది పిన్నుల వైరు వేరుగా కావాలి, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ అంతటికీ కరెంటు అందించే పెట్టె) ఉండాలని కంపెనీయే చెబుతుంది. సీపీయూ బాక్సు పక్క డోరు తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉండవచ్చు. దాన్ని నమ్మకుండా కింద గళ్లలో +12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాశారో చదవండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన వాటిలో అక్కడ 14 అని ఉన్నవి నేను చూశాను. 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. ఒక్క కార్డుకే 170 కావలసిన చోట, 65 వాట్ల ప్రాసెసర్‌ను కూడా కలుపుకుని, ఆ ఎస్‌ఎంపీఎస్ మొత్తం పోసేది 168. మోలెక్స్ వైర్ల నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టర్ ఇచ్చి "నడుస్తుంది సార్" అంటారు. డెస్క్‌టాప్ మీద నడుస్తుంది, ఆట మొదలైన అయిదు నిమిషాలకు ఆరిపోతుంది, లేదా ఒకరోజు కాలిన వాసన వస్తుంది. మీ యూపీఎస్‌ను కూడా ఇదే లెక్కలో చూడాలి: ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్‌లు ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు. పెద్ద కార్డు మీద ఆట నడుస్తుండగా కరెంటు పోతే అది బీప్‌మనకుండానే చేతులెత్తేయవచ్చు, అదే సమయంలో మీ మ్యాటర్ సేవ్ కాకుండా ఉంటే అది కూడా పోతుంది. కాబట్టి 3060 అంటే కార్డు, ఎస్‌ఎంపీఎస్, బహుశా యూపీఎస్. 20,000 దాటిపోతుంది.

ధర చూసి వేరే కార్డుల వైపు పోతారేమో, రెండు హెచ్చరికలు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, ఆర్‌ఎక్స్ 6400 కార్డులు స్లాటులో నాలుగు లేన్లు మాత్రమే వాడతాయి, పీసీఐ 4.0 బోర్డు మీద అది పెద్ద లోటు కాదు, మీ 3.0 బోర్డు మీద వాటి దారి సగానికి సగం సన్నబడుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు ఆ ధరకు చాలా మంచివి, కానీ రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డుల మీద బాగా కుంటుతాయి. సెకండ్ హ్యాండ్ కార్డు విషయంలో నేను చాలామందిలా బెదరగొట్టను. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో, దాన్ని సంపాదించడానికి (మైనింగ్‌కు) వాడిన కార్డులు గుట్టలుగా మార్కెట్‌లోకి వచ్చాయి, వాటిలో బాగా నడుస్తున్నవీ చాలా ఉన్నాయి. అయితే మీ ముందు అరగంట ఆట ఆడించి చూపించనివారి దగ్గర మాత్రం కొనకండి.

నిజానికి మీ 1050 టీఐకి కూడా ఒక గడువుంది, దాన్ని దాచి మాట్లాడటం న్యాయం కాదు. అది చెందిన పాస్కల్ తరం కార్డులకు కొత్త ఆటల కోసం సర్దుబాట్లు చేసే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. మూడు నెలలకోసారి సెక్యూరిటీ డ్రైవర్లు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామంది. వాలరెంట్, జీటీఏ 5 ఆ డ్రైవర్లతో నడుస్తూనే ఉంటాయి. రేపు విడుదలయ్యే పెద్ద ఆటలు ఆడాలనుకుంటేనే ఇబ్బంది, అవి ఎలాగూ 4 జీబీ కార్డు మోయలేనివి. పేజ్‌మేకర్‌కు గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. ఫొటోషాప్‌లో కూడా మీరు చేసే పనికి ఇది చాలు.

మరి సిస్టమ్ నత్తనడకకు కారణమేమిటి? పొద్దున ఆన్ చేసి అదే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్కు గడి చూడండి. అది 100 శాతం దగ్గర అయిదు పది నిమిషాలు ఎర్రగా నిలబడి ఉంటుందని నా అంచనా. తిరిగే హార్డ్ డిస్కులో చదివే తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. పెద్ద సినిమా ఫైలు ఒకే వరసలో చదివేటప్పుడు అది బాగానే పరిగెడుతుంది, వేల కొద్దీ చిన్న ఫైళ్లను అక్కడక్కడా వెతికేటప్పుడు చతికిలబడుతుంది, విండోస్ చేసేది రోజంతా ఆ రెండో పనే. ఆండ్రాయిడ్ స్టూడియో బిల్డ్ కూడా అదే పని. పైగా ఎమ్యులేటర్ (తెర మీదే ఫోనులా పనిచేసే ప్రోగ్రామ్), బ్రౌజర్ కలిపి తెరిస్తే 8 జీబీ ర్యామ్ నిండిపోయి, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ మళ్లీ ఆ డిస్కు మీదికే రాస్తుంది. మీ అబ్బాయి విసుగు చాలావరకు ఇక్కడిదే, కార్డుది కాదు.

అందుకే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్. ధరల అంకెలు కావాలనే వేయడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూస్తే ఈ వారం రాసింది వచ్చే వారానికి అబద్ధమవుతుంది. ఎస్‌ఎస్‌డీ 500 జీబీది చాలు. మీ బోర్డు మీద ఎం.2 స్లాటు ఉంటే ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి, లేకపోతే సాటా రకం. రెండింటి మధ్య తేడా అంకెల్లో పెద్దది, మీ చేతికి తెలిసేది చిన్నది. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి రావడమే అసలు తేడా. ర్యామ్ 8 జీబీ డీడీఆర్4 స్టిక్కు ఒకటి. దొరికేది 3200 వేగానిదైనా మీ బోర్డు దాన్ని 2400 దగ్గర నడుపుకుంటుంది. రెండు స్టిక్కులు అయితే ర్యామ్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి, ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో దాని ఫలితం కాస్త కనిపిస్తుంది కూడా.

విండోస్‌ను కొత్తగా ఎక్కించవద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించండి. అప్పుడు అను, పేజ్‌మేకర్, ప్రింటర్ అన్నీ ఎక్కడివక్కడే వస్తాయి. హార్డ్ డిస్కులో 500 జీబీకి మించి డేటా ఉంటే ముందు పాత సినిమాలు, ఆటలు వేరేచోటికి తరలించాలి. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు హార్డ్ డిస్కు సాటా కేబుల్ తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే బూట్ చేయండి, ఎందుకంటే రెండు డిస్కులకూ ఒకే గుర్తు ఉండటంతో విండోస్ తికమకపడుతుంది. ఒక నెలపాటు ఆ హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయకుండా బీరువాలో పెట్టండి. శుభలేఖలో ఏదైనా తేడా వస్తే మళ్లీ తగిలించుకుని పాత ప్రపంచంలోకి వెళ్లే తాళం చెవి అదే.

ఈ రెండింటిలో నాకు నచ్చిన మరో గుణం, రేపు బోర్డు మార్చినా ఇవి వెంట వస్తాయి. ఇంటెల్ ఐ5-12400 వంటి ఆరు కోర్ల ప్రాసెసర్‌కు డీడీఆర్4 తీసుకునే హెచ్610 బోర్డులున్నాయి. అలా వెళితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, 1050 టీఐ, క్యాబినెట్ అన్నీ కొత్త బోర్డు మీదకు చేరతాయి, కొనవలసింది ప్రాసెసర్, బోర్డు, మంచి ఎస్‌ఎంపీఎస్ మాత్రమే. ఏఎండీ వైపు రైజెన్ 5 5600 కూడా డీడీఆర్4దే. రెండూ విండోస్ 11 జాబితాలో ఉన్నవే. ఇప్పుడు మిగిలిన డబ్బును దాని కోసం పక్కన పెట్టండి. సిస్టమ్‌తో పాటు అమ్మిన ఓఈఎం లైసెన్స్ పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి విండోస్ ఖర్చును కూడా ఆ రోజుకు లెక్కలో వేసుకోండి. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయ్యే అవకాశముంది. రికవరీ కీని కాగితం మీద రాసి ఆ బీరువాలోనే పెట్టండి, బయోస్‌లో ఏదైనా కదిపితే అది అడగవచ్చు.

మీది ఎనిమిదో తరం ప్రాసెసర్ అయి ఉంటే నా సమాధానం ఇంత సాగేది కాదు: విండోస్ 11కు ఉచితంగా ఇవాళే వెళ్లమని, ఎస్‌ఎస్‌డీ వేయమని చెప్పి ఊరుకునేవాడిని. అలాగే మీ అబ్బాయి బ్లెండర్, వీడియో ఎడిటింగ్, సొంత సిస్టమ్ మీద ఏఐ మోడళ్లు నడపడం వంటి వాటి వైపు వెళితే కార్డు వరసలో ముందుకు వస్తుంది, అప్పుడు కూడా కార్డు వేగం కంటే దాని మీదున్న మెమొరీ ఎంతో చూసి కొనాలి. 12 జీబీ ఉన్న 3060ను పాతదని కొట్టిపారేయకపోవడానికి కారణం అదే. కొత్త బోర్డు వచ్చాక అదే వాలరెంట్ పరీక్షను మళ్లీ ఒకసారి చేయించండి. జీపీయూ అప్పుడు 98 దగ్గర నిలబడితే, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద అంకెలు, మానిటర్ హెర్ట్జ్ రెండూ రాసి అడగండి, ఏ కార్డో అప్పుడు చెబుతాను.